వచనానికి వన్స్‌మోర్ ఎవరిస్తారు?

రాజమండ్రిలో సారంగధర మెట్ట ఎక్కడని అడగక్కర్లేదు, ఆటో అబ్బాయే తీసుకెళ్తాడు. ఆ పేరెందుకొచ్చిందని అడిగితే కథ కూడా చెబుతాడు. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు పావురాన్ని ఎగరేశాడు. అది పోయి సవతితల్లి చిత్రాంగి మేడలో వాలింది. పావురం కోసం కుర్రాడు లోపలికెళ్ళాడు. ఆవిడ కోరింది, ఇతను కాదన్నాడు. తెల్లారేసరికి నేరం అతని మీద పడింది. రాజుగారు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కొడుకు కాళ్ళూ చేతులూ నరకమన్నారు. చరిత్ర పుస్తకాల్లో ఆ రాజుగారి కొడుకు చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. మా ఊరివాళ్ళకి మాత్రం సారంగధరుడే.

పాతకథలో ఆఖర్న ఒక సిద్ధుడొచ్చి కుర్రాడికి మళ్ళీ కాళ్ళూ చేతులూ తెప్పిస్తాడు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఈ కథనే ‘విషాద సారంగధర’ అని నాటకం కట్టి, ఏడుపుతోనే తెర దించారు. నాటకమంటే మంగళంతో ముగియాలనే రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

నేను ఇంగ్లీషు మేష్టర్ని. ఉద్యోగమంతా ఈ డెల్టాలోనే, కాలవగట్ల పక్క హైస్కూళ్ళలోనే గడిచింది. పిల్లలకి ట్రాజెడీ అంటే ఏమిటో చెప్పాల్సివస్తే నేను గ్రీకుల దాకా పోయేవాణ్ణి కాదు. మెట్ట దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి. ‘రాజుగారు ఎక్కడ తప్పారర్రా?’ అనేవాణ్ణి. ‘ఆవిడ మాట నమ్మేశారండి’ అని సగంమంది అనేవారు. ‘కాదండి, కొడుకునడగలేదండి’ అని మిగతా సగం. రెండూ ఒకటి కావు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీదే ఓ పీరియడంతా నడిచేది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ‘జూలియస్ సీజర్’ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దాన్ని హైస్కూలు పిల్లల చేత మాటమాటా చదివించడం గురించి. మన పిల్లలకి షేక్‌స్పియర్ ఎందుకండీ అనేవారికి ఒక సంగతి చెబుతాను. తెలుగులోకి వచ్చిన తొలి షేక్‌స్పియర్ నాటకాల్లో ఈ సీజరు ఒకడు. 1870ల్లో వావిలాల వాసుదేవశాస్త్రిగారు ‘సీజరు చరిత్రము’ అని తేటగీతుల్లో చేశారు. తేటగీతి ఎందుకో గణాలు లెక్కపెట్టి చూడండి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. పాదానికి ఐదు. షేక్‌స్పియర్ రాసిన పంక్తికీ దెబ్బలు ఐదే. పైగా సీసం లాగా ఊరేగింపుగా నడవదు, మాట్లాడినట్టు నడుస్తుంది. ఆ ఎంపికలో ఉన్న చెవి నాకు చాలా ఇష్టం. తరవాత 1880లో కందుకూరి వీరేశలింగంగారు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ని ‘చమత్కార రత్నావళి’గా మార్చి, రాజమండ్రిలో తన విద్యార్థుల చేత ఆడించారు. ఇప్పుడు ఏప్రిల్ 16న, ఆయన పుట్టినరోజునే, తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటున్నాం. అంటే షేక్‌స్పియర్ మన గోదావరి గట్టు ఎక్కి నూటనలభై ఏళ్ళు దాటింది. చుట్టంగా వచ్చినవాణ్ణి ఇన్నేళ్ళయినా అరుగు మీదే కూచోబెట్టి, లోపలికి రానివ్వనిది మన బడులే.

బడిలో ఏం జరిగేదో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డిటెయిల్డ్ టెక్స్టు, నాన్‌డిటెయిల్డ్ టెక్స్టు అని రెండుండేవి. షేక్‌స్పియర్ నాన్‌డిటెయిల్డ్‌లో వచ్చేవాడు, చార్లెస్, మేరీ లాంబులు 1807లో పిల్లల కోసం కథలుగా రాసిపెట్టినవాడు. అందులో సీజరు లేడు లెండి. మధ్యలో కొన్నేళ్ళు సీబీఎస్‌ఈ పదో తరగతి పుస్తకంలో ఈ నాటకం కొంత ఉండేది. ఎక్కడున్నా పద్ధతి ఒకటే. కథ చెప్పడం, సీజర్ని పొడిచిన స్నేహితుడు బ్రూటస్ స్వభావం గురించి పదిహేను వాక్యాలు డిక్టేషన్ ఇవ్వడం, పరీక్షలో అవే పదిహేను మళ్ళీ రాయించుకోవడం. నేనూ అదే చేశాను, అబద్ధమెందుకు? ఓ ఏడాది పేపర్లు దిద్దుతుంటే నలభై పేపర్లలోనూ బ్రూటస్ ఒకేరకంగా ఆదర్శవాది. ఒక పిల్ల మాత్రం తొందరలో ‘ఆదివారం’ అని రాసింది. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ పిల్లకి ఆ రెండు మాటలూ ఒకటే కదా, రెండూ నా నోట్లోంచి ఊడిపడ్డవే.

దారి చూపించింది మా బళ్ళో తెలుగు మేష్టారు. పక్కగదిలో ఆయన పోతన పద్యం చెబుతుంటే నేను వరండాలో నిలబడి వినేవాణ్ణి. ముందు పద్యం రాగంతో, తరవాత ప్రతిపదార్థం, అన్వయం. క్రియ ఎక్కడుందో పట్టుకో. ఎవరు చేశారు? దేన్ని? దేంతో? ఎందుకు? ఒక్కో ప్రశ్నకీ పద్యంలోంచే ఒక్కో మాట తీసి చూపించాలి, బయటినుంచి తేకూడదు. మన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ మొదట్లోనే ఒట్టేసుకున్నాడు, మూలంలో లేనిది తన కలం రాయదని. వెస్టులో ఇరవయ్యో శతాబ్దంలో ‘క్లోజ్ రీడింగ్’ అని పెద్ద పేరు పెట్టి మొదలుపెట్టింది ఇంచుమించు ఈ పనే. ఇది మన వీధిబళ్ళలో పిల్లలు కూనిరాగం తీస్తూ చేసిన పని. అంతకాలం నేను ఇంగ్లీషు మేష్టర్నైపోయానని తెలుగు మేష్టారి సరుకు ముట్టుకోలేదు, అంతే.

శనివారం ఆఖరి పీరియడు తీసుకున్నాను. మొత్తం నాటకం కాదు, అక్కడో ఇరవై పంక్తులు, ఇక్కడో ముప్ఫై.

మొదట రెండో అంకం. అర్ధరాత్రి, తోటలో బ్రూటస్ ఒక్కడే ఉన్నాడు. తనలో తను మాట్లాడుకుంటాడు. అన్వయం చెయ్యమన్నాను. మొదటి వాక్యంలోనే పిల్లలు ఆగిపోయారు. అందులో ‘అది’ ఉంది, ‘అతని’ ఉంది, చావుంది. ఏది జరగాలి? ఎవరి చావు? పేరు లేదు. సర్వనామం ముందొచ్చింది, నామవాచకం ఎప్పటికోగాని రాలేదు. వ్యాకరణం ప్రకారం తప్పు కదండీ అన్నాడొకడు. అప్పుడు వెనకబెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ‘మా అమ్మమ్మ తాతయ్య పేరు చెప్పదండి. ఆయనొచ్చారా, ఆయన తిన్నారా అంటుందండి. పొద్దస్తమానం మనసులో ఉన్నోళ్ళకి పేరెందుకండి?’

నేను చాక్‌పీసు కింద పెట్టేశాను. ఈ వాక్యం మీద నేను చదివిన నోట్సుల్లో ఆ మాట లేదు. రాత్రంతా నిద్రపోకుండా ఒకే మనిషి గురించి ఆలోచిస్తున్నవాడు మధ్యలోంచే మొదలుపెడతాడు. పైగా చంపబోయేది స్నేహితుణ్ణి. ఆ పేరు నోటికి రావడానికి టైము పడుతుంది.

తరవాత క్రియలు చూడమన్నాను. మొదటి వాక్యంలో ‘తప్పదు’. కిందికి పోయేకొద్దీ ‘కావచ్చు’, ‘చెయ్యవచ్చు’, ‘అయితే’, ‘గనక’. తీర్పు ముందు, విచారణ తరవాత. సీజర్ ఇంతవరకు చెడ్డపని చేసినట్టు తనకి తెలియదని ఆ బ్రూటసే ఒప్పుకుంటాడు. అయినా గుడ్డులోని పాముపిల్లలా ఇప్పుడే చంపెయ్యాలంటాడు. ‘మెట్ట మీద రాజుగారి లాగే ఉన్నాడండి’ అని ఎవరో గొణిగారు. అంతకంటే నేను చెప్పాల్సింది ఏముంది?

ఇక మూడో అంకం. సీజరు శవం ముందు బ్రూటస్, సీజరు మనిషి ఆంటోనీ ఒకరి తరవాత ఒకరు మాట్లాడతారు. బ్రూటస్ మాట్లాడేది వచనంలో, ఆంటోనీది పద్యంలో. అచ్చులో చూస్తేనే తెలిసిపోతుంది. ఒకటి అంచుదాకా పారుతుంది, రెండోది పంక్తులుగా విరుగుతుంది. ఎందుకలా చేశాడో ఊహించమన్నాను. బ్రూటస్ తర్కం చెబుతున్నాడండి, ఆంటోనీ ఏడిపిస్తున్నాడండి లాంటి బుద్ధిమంతుల జవాబులు వచ్చాయి. అప్పుడు ఒకడు, వాళ్ళ నాన్న సంక్రాంతి నాటకాల్లో హార్మోనియం వాయిస్తాడు, కూచునే అన్నాడు: ‘వచనానికి వన్స్‌మోర్ ఎవరిస్తారండీ?’

క్లాసంతా గొల్లుమంది. నవ్వినా నవ్వకపోయినా అదే జవాబు. తిరుపతి వేంకటకవుల రాయబారం సీను ఊళ్ళో మైకులో ఎన్నిసార్లు విన్నారో ఆ పిల్లలు! కృష్ణుడు కౌరవసభలో రాగం ఎత్తుకునేదాకా చాపల మీద జనం వేరుశెనక్కాయలు వలుచుకుంటూనే ఉంటారు. ఎత్తుకోగానే చేతులాగిపోతాయి. లండన్లోనూ అంతే. 1599లో కట్టిన గ్లోబ్ థియేటర్లో పెన్నీ ఇచ్చినవాడు కిందనే నిలబడి చూసేవాడు. తెరల్లేవు, ఆడవేషాలు మగపిల్లలే కట్టేవాళ్ళు, మన స్థానం నరసింహారావుగారి కాలంలాగ. ఆ ఏడే సెప్టెంబరు 21న థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు రేవు దాటి అవతలిగట్టుకి పోయి, పూరికప్పు వేసిన నాటకశాలలో జూలియస్ సీజర్ నాటకం చూశానని రాసుకున్నాడు. పూరికప్పు అనగానే మా పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. ‘నిప్పంటుకోలేదాండీ?’ అంటుకుంది. 1613లో ఇంకో నాటకంలో ఫిరంగి పేలిస్తే రవ్వ పడి మొత్తం తగలబడింది. పాఠం పక్కదారి పట్టిందని నేనేం బాధపడలేదు. నాటకమంటే నిప్పంటుకునే ఇంట్లో జరిగేదని తెలిస్తే చాలు.

ఆంటోనీ ఉపన్యాసంలో కీలకమైన మాట ఒకటుంది, ‘ఆనరబుల్’. గైడుల్లో దానికి ‘గౌరవనీయుడు’ అని అర్థం ఇస్తారు. నేనూ బోర్డు మీద అదే రాశాను. ఎక్కడెక్కడ వచ్చిందో గీత గీసుకుంటూ పోయాం. మొదటిసారి మామూలుగానే ఉంది. రెండోసారి అదే మాట, ముందు చెప్పిన సంగతి మాత్రం వేరు. మూడోసారికి ‘గౌరవనీయుడు’ నాలుక మీద తిరగడం మానేసింది. పిల్లలు చదువుతుంటే మంత్రిగారి సన్మానపత్రంలా ఉంది. ఇంకో తెలుగుమాట చెప్పండర్రా అన్నాను. మర్యాదస్తుడు, ఘనుడు, మహానుభావుడు. ఆఖరికి ఒకడు ‘పెద్దమనిషి’ అన్నాడు.

గోదావరి జిల్లాల్లో పెద్దమనిషి అంటే ఏమిటో మీకు చెప్పాలా? గట్టు తగాదా వస్తే రావిచెట్టు కింద తీర్పు చెప్పేవాడు పెద్దమనిషి. ఆ తీర్పులో మనకి గట్టు పోయినప్పుడు, ‘ఆయనకేంటండీ, పెద్దమనిషి’ అంటాం. మాట మారదు, ఒక్క అక్షరం కూడా మారదు. ‘పె’ దగ్గర కాస్త సాగుతుంది. వెటకారం మా వాళ్ళకి నేర్పక్కర్లేదు, పాలల్లోనే పట్టిస్తారు. ఆంటోనీ పద్యాన్ని ‘పెద్దమనిషి’తో చదివించాను. మొదటిసారి వినయంగా, రెండోసారి అమాయకంగా, మూడోసారికి సాగదీసి. నాలుగోసారి వచ్చేసరికి క్లాసులో సగంమంది ఆ మాట తామే అనేశారు, చదివేవాడి కంటే ముందే. సరిగ్గా నాటకంలోనూ అదే జరుగుతుంది. కాసేపటికి గుంపులో ఒకడు ఆ మాటని తనే ఉమ్మేసినట్టు అంటాడు. ఆంటోనీ బ్రూటస్‌ని ఒక్క తిట్టు తిట్టడు, తిట్టనని ముందే మాటిచ్చి ఎక్కాడు వేదిక. తిట్టు జనం నోట్లోంచి రప్పించాడు.

ఇక నా పరువు పోయిన సంగతి.

ఆ ఉపన్యాసంలోనే ఆంటోనీ సీజరు కప్పుకున్న వస్త్రం ఎత్తి జనానికి చూపిస్తాడు. కత్తిపోట్ల కన్నాలు ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తూ, ఇది కాసియస్‌ది, ఇది కాస్కాది, ఇదిగో ఇది బ్రూటస్‌ది అంటాడు. నేను ఈ ఘట్టం చెబితే పిల్లల కళ్ళు చెమర్చేవి. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ శనివారం మా ఇంటినుంచి పాత శాలువా తెచ్చి, ఒక కుర్రాణ్ణి ఆంటోనీని చేసి బల్ల ఎక్కించాను. వాడు శాలువా పట్టుకుని, వేలు పెట్టబోయి, ఆగిపోయాడు.

‘మేష్టారండీ, నాకెలా తెలుసండీ?’

‘ఏంట్రా?’

‘ఇది కాస్కాదని. పొడిచేటప్పుడు నేను లేను కదండీ అక్కడ.’

పుస్తకం వెనక్కి తిప్పాం. నిజమే. హత్యకి కొంచెం ముందు ట్రెబోనియస్ అనే కుట్రదారు ఆంటోనీని ఏదో మాట మీద పక్కకి తీసుకుపోతాడు, మూలంలో స్పష్టంగా ఉంది. ఆంటోనీ కళ్ళతో చూడనే లేదు. ఏ కన్నం ఎవరిదో తెలిసే మార్గం లేదు. పదకొండేళ్ళు చెప్పాను ఈ పాఠం, నాకు తట్టలేదు. రోమన్ గుంపుకీ తట్టలేదు. నేనూ ఆ గుంపులో ఒకణ్ణి. ఇంటికెళ్ళి చరిత్ర తిరగేస్తే ఇంకోటి దొరికింది. ఈ వస్త్రం సీజరు మొదటిసారి కప్పుకున్న సాయంత్రం తనకి గుర్తుందంటాడు ఆంటోనీ, నెర్వీలనే తెగని ఓడించిన రోజని. ఆ యుద్ధం క్రీస్తుపూర్వం 57లో. ఆంటోనీ సీజరు దగ్గర చేరింది ఆ తరవాతే. సోమవారం ప్రార్థన అవగానే ఆ కుర్రాణ్ణి పిలిచి చెప్పాను. వాడికి అంత ఆశ్చర్యం వెయ్యలేదు. ‘అబద్ధం చెప్పేవోడు అన్నీ గుర్తున్నాయంటాడండి’ అని పోయి లైన్లో నిలబడ్డాడు.

అప్పటినుంచి నేను నాటకాన్ని వేరేగా చదవడం మొదలుపెట్టాను. ఇది హత్య గురించిన నాటకమని అందరూ అంటారు. నాకు మాత్రం ఇది తొందరపడి చదివినవాళ్ళు చచ్చిపోయే నాటకంలా కనిపిస్తుంది. సీజరు భార్య కల్పూర్ణియాకి కలొస్తుంది, సీజరు విగ్రహంలోంచి నెత్తురు కారుతున్నట్టు. ఆవిడ కీడంటుంది, కుట్రదారు డీసియస్ వచ్చి అదే కలకి శుభమని అర్థం చెబుతాడు. సీజరు తనకి నచ్చిన అర్థం తీసుకుని బయల్దేరాడు. ఆఖరి అంకంలో, యుద్ధంలో, కాసియస్‌కి కళ్ళు సరిగా ఆనవు. నౌకర్ని మెట్ట ఎక్కించి దూరంగా ఏం జరుగుతోందో చూసి చెప్పమంటాడు. గుర్రాల మీద వాళ్ళు తన స్నేహితుణ్ణి చుట్టుముట్టారు, కేకలు పెడుతున్నారు. పట్టుబడ్డాడనుకుని కాసియస్ పొడిపించుకుని చచ్చాడు. ఆ కేకలు సంతోషంతో పెట్టినవి, చుట్టుముట్టింది సొంతవాళ్ళు. సిన్నా అనే కవి సంగతి ఇంకా అన్యాయం. కుట్రదారుల్లోనూ సిన్నా అని ఒకడున్నాడు. ఆ పేరు వినగానే గుంపు మీద పడింది. నేను కవినర్రా అని మొత్తుకుంటే, అయితే చెత్త కవిత్వం రాసినందుకు చంపండన్నాడొకడు. నాటకం మొత్తంలో అతి చిన్న సీన్లలో ఒకటి. ఒకప్పుడు చాలా ప్రదర్శనల్లో కోసేసేవారట, ఎందుకో నాకర్థం కాదు. మా పిల్లలకి అన్నిటికంటే బాగా తెలిసిన సీను అదే. ఊళ్ళో ఇంటిపేరు విని తీర్పు చెప్పేవాళ్ళని వాళ్ళు రోజూ చూస్తారు.

వీటన్నిటికీ మూలం ఆ రాత్రి తోటలో బ్రూటస్ చేతికొచ్చిన చీటీ. కుర్ర నౌకరు చెకుముకిరాయి కోసం కిటికీలో వెతుకుతుంటే దొరికింది. కాసియస్ రకరకాల చేతిరాతలతో తయారుచేసి వేయించినవాటిలో ఒకటి. ఆకాశంలో ఉల్కల వెలుగులో బ్రూటస్ చదువుతాడు. వాక్యాలు సగంసగం ఉంటాయి. రోము ఏమవ్వాలి, వగైరా. ఆ ‘వగైరా’ దగ్గర ఆగి, మిగతాది నేనిలా పూరించుకుంటానని బ్రూటస్ తనే అంటాడు, పూరించేసుకుంటాడు. అతని చేతికి కత్తినిచ్చింది కాసియస్ రాసిన సగం కాదు, తను రాసుకున్న సగం.

ఇది నోటితో చెబితే ఎక్కదని, ఓ శనివారం నలభై చీటీలు చింపాను. అన్నిటిమీదా ఒకే సగం వాక్యం రాశాను, ‘మీ గురించి ఊళ్ళో అందరూ...’ అని. పంచిపెట్టి పూర్తిచెయ్యమన్నాను. పది నిమిషాలు పెన్నుల చప్పుడే. తీసుకుని పైకి చదివాను. అందరూ మెచ్చుకుంటున్నారు. అందరూ నవ్వుతున్నారు. అందరూ మా అన్నయ్యతో పోలుస్తున్నారు. అందరూ ఏదో అనుకుంటున్నారు, నాకు చెప్పట్లేదు. ఆ చివరిది చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏ చీటీ ఎవరిదో నేను అడగలేదు.

ఒక చీటీ మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే వచ్చింది. ఎవరిదిరా ఇది అంటే హార్మోనియం వాళ్ళబ్బాయి చెయ్యెత్తాడు.

‘రాయలేదేంరా?’

‘సగమే ఉంది కదండీ. మిగతాది రాసినోళ్ళనడగాలండి.’

పదికి పది వేశాను. మిగతా ముప్ఫైతొమ్మిదిమందీ బల్లలు బాదారు, ఖాళీ కాయితానికి మార్కులేంటండీ, అన్యాయమండీ అని. బెల్లు కొట్టినా గోల ఆగలేదు. హెడ్మాస్టరుగారు వరండాలోంచి తొంగిచూసి, ‘ఏమిటండీ మేష్టారూ, ఇంగ్లీషు క్లాసేనా?’ అన్నారు.